రెండు తెరలు, ఒక ధ్యాస

మనిషి ఏకకాలంలో రెండు పనులు చెయ్యటంలో నీతికి సంబంధించిన ప్రశ్న ఏమైనా వుందా? వుందనే నా అభిప్రాయం. అయితే మన నీతివాదులు వేలు చూపించే చోట మాత్రం అది లేదు.

ఈనాడు కంప్యూటరు మీద పనిచేసే వారిలో చాలామంది బల్లమీద రెండేసి మానిటర్లు వుంటున్నాయి. ఒకదాని నిండా ఏదో వీడియో నడుస్తూ వుంటుంది. అది సినిమా కావచ్చు, క్రికెట్టు కావచ్చు, ఎవరిదో ఉపన్యాసం కావచ్చు. రెండోదానిమీద ఉద్యోగం సాగుతూ వుంటుంది. ఒకప్పుడు దీనికి యంత్రమే అడ్డు తగిలేది. ఫ్లాష్ ప్లేయరులో తెర నిండా వున్న బొమ్మ, పక్క మానిటరు మీద క్లిక్ చెయ్యగానే చిన్నదైపోయేది. 2011లో వచ్చిన 10.2 వెర్షనుతో ఆ అడ్డు తొలగింది. కాని ఇప్పటికీ తెరలు ఎన్ని వున్నా, మనం కీబోర్డు మీద కొట్టే అక్షరం వెళ్ళేది ఒక్క కిటికీకే. ఆ కిటికీకి ఫోకస్ వుందంటారు. తన ధ్యాస ఒక్కటేనని యంత్రం ఒప్పుకుంటున్నది. మనిషే ఒప్పుకోవటం లేదు.

ఈ మాట అనగానే కొందరు మిత్రులు అష్టావధానం సంగతి ఎత్తుతారు. మన అవధానులు ఏకకాలంలో ఎనిమిది పనులు చెయ్యలేదా అంటారు. గంటల లెక్కను పక్కన పెడితే, అవధాని చేసేది వేరు. సమస్య ఇచ్చినవాడికీ, దత్తపది ఇచ్చినవాడికీ అతడు వరసగా ఒక్కొక్క పాదం చెపుతూ పోతాడు. తిరిగి వచ్చి వదిలినచోట అందుకుంటాడు. చివరికి ధారణలో అన్నీ ఒప్పజెపుతాడు. అవధానం అంటేనే ఏకాగ్రత. ఆ విద్య గొప్పతనం ధ్యాసను ముక్కలు చెయ్యటంలో లేదు, ఎవరినీ మరచిపోకపోవటంలో వుంది. పక్క తెరమీది బొమ్మ సంగతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. మరచిపోయినా ఫరవాలేదు గనకనే దాన్ని అక్కడ పెట్టుకుంటాం.

శాస్త్రం కూడా ఇదే చెపుతున్నది. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మనుషుల రెండు చెవుల్లో రెండు వేరువేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. రెండో చెవిలో భాష ఇంగ్లీషునుంచి జర్మనుకు మారినా వాళ్ళు పోల్చుకోలేకపోయారు.

అలాగని రెండు పనులు కలపటమే తప్పు అనటం అన్యాయం. నాట్లు వేసే స్త్రీలు పాడుకుంటూనే వేశారు. వడ్లు దంచే పాటలు రోకలిపోటుతోనే పుట్టాయి. చేతులు శ్రమిస్తుంటే మనసుకు తీరిక వుంది. 1865లో క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులు, తమ కూలి డబ్బుతో ఒక చదువరిని పెట్టుకొని, పని జరుగుతున్నంతసేపూ పత్రికలూ నవలలూ చదివించుకున్నారు. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1931లో అమెరికాలోని టాంపాలో యజమానులు చదువరులను తొలగిస్తే కార్మికులు సమ్మె కట్టారు. దీనితో 1940లో బి.బి.సి. ఫాక్టరీలకోసం ప్రారంభించిన ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ కార్యక్రమాన్ని పోల్చి చూడండి. అక్కడా చేయి పనిచేస్తున్నది, చెవి వింటున్నది. కాని అది ఉత్పత్తి పెంచటానికి పైనుంచి వచ్చిన పాట. చదువరి చదివింది కార్మికులు కోరుకున్న నవల. కనక అడగవలసిన ప్రశ్న పనులు ఎన్ని అని కాదు. ఆ ధ్యాస ఎవరి చేతిలో వుంది అని.

ఇప్పుడు రెండు తెరల ముందు కూర్చున్న మనిషిని చూద్దాం. నా దగ్గర చదువుకొని హైదరాబాదులో ఉద్యోగాలకు వెళ్ళిన కుర్రవాళ్ళు కొందరు చెప్పేది ఒకటే: “పనికి మనసులో పావువంతు చాలు మాస్టారూ, మనిషి మాత్రం పూర్తిగా అక్కడే వుండాలి.” మిగిలిన ముప్పావును వాళ్ళు వీడియోతో నింపుతున్నారు. దీన్ని సోమరితనం అనటం తేలిక. నిజానికి అది మనసుకు చోటులేని పనిమీద మనసు చేసే చిన్న తిరుగుబాటు.

అయితే ఈ తిరుగుబాటులో దక్కుతున్నదేమిటి? 1886 మే 1న షికాగో కార్మికులు రోజును మూడు ఎనిమిదులుగా విభజించమన్నారు: పనికి ఎనిమిది, విశ్రాంతికి ఎనిమిది, తమ ఇష్టానికి ఎనిమిది. పనివేళలో సినిమా నడిపినవాడు మూడో ఎనిమిదిని దొంగచాటుగా మొదటి ఎనిమిదిలోకి తెచ్చుకున్నాననుకుంటాడు. కాని అదే గోడకు పడిన కన్నంలోంచి ఆఫీసు కూడా ఇంట్లోకి వస్తున్నది. రాత్రి సినిమా చూస్తున్నప్పుడు పక్క తెరమీద ఆఫీసు కిటికీ తెరిచే వుంటుంది. పగలు సగం సినిమా, రాత్రి సగం ఉద్యోగం. లెక్క వేస్తే అతని సొంతమైన గంట ఒక్కటీ మిగలదు. కనకనే పూర్తి ధ్యాసను మనం ముందు హక్కుగా అడగాలి. మనసుకు చోటున్న పనిని, పని తలుపు మూసిన తీరికను అడగాలి. ఆ హక్కు లేనివాడికి ఏకాగ్రత గురించి నీతులు చెప్పటం, ఆకలిగొన్నవాడికి ఉపవాస మహిమ బోధించటం వంటిది.

ఇంతటితో మన బాధ్యత తీరిపోదు. 2020-21లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా చలిలో, ఎండలో కూర్చున్నారు. ఆ దృశ్యాలు ఎన్నో బల్లలమీద పక్క తెరలో కదిలిపోయాయి. పక్క తెరలో నడిపినవాడు కూడా వాటిని చూశాననే అనుకుంటాడు. సానుభూతి తెలిపాననే అనుకుంటాడు. చూడకపోవటంకంటే ఇది ప్రమాదం. చూడనివాడికి చూడలేదని తెలుసు. సినిమా సగం చూస్తే నష్టం మనది. మనిషి కష్టాన్ని సగం చూస్తే నష్టం ఆ మనిషిది. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ అయిన మనకు రోజులో ఒక గంట అయినా మన చేతిలో వుంటుంది. అటువంటి దృశ్యం ఎదురైనప్పుడు ఆ గంట రెండో తెర ఆర్పి చూడటం మనం చెయ్యగలిగిన పనే.