సముద్రాన్ని ఎంచుకోవడం

విహారానికి సముద్రాన్ని ఎంచుకోవడంలో నీతి ప్రశ్న ఏముంటుంది? గాలి, ఎండ, అద్దె చూసుకుంటే సరిపోదా? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. లండన్‌లో ఉంటున్న మా మేనల్లుడు, స్నేహితులతో కలిసి వారం రోజులకు తెరచాప పడవ ఒకటి అద్దెకు తీసుకోదలచి, లెక్కలు చూసిపెట్టమన్నాడు. యాట్ చార్టర్ అంటారు దీన్ని. అద్దె, డిపాజిట్, బీమా ఇట్టే తేలాయి. గ్రీసుకు పడమటనున్న అయోనియన్ సముద్రమా, తూర్పునున్న ఏజియన్ సముద్రమా అన్నదే తేలలేదు.

గాలి మాటకొస్తే జవాబు సులువు. జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ మీద 'మెల్టెమి' అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి విసురుతుంది. కొత్తవాళ్లను నెమ్మదిగా ఉండే కోర్ఫు, లెఫ్కాడా దీవుల వైపు పొమ్మంటారు. కాని వాళ్లలో ఒకమ్మాయి అభ్యంతరం వేరు. మనుషులు మునిగిపోయిన నీళ్లలో ఈత కొట్టలేనందట.

2015లో సముద్రం దాటి గ్రీసు చేరినవారు 8 లక్షల పైమాటే. అందులో సగానికి మించి లెస్బోస్ అనే ఒక్క దీవిలో దిగారు. ఆ సెప్టెంబరు 2న ఆలన్ కుర్దీ అనే పసివాడి శవం టర్కీలో బోద్రుమ్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కొయ్య ఓడల్లో విహారయాత్రలకు పేరుమోసిన రేవు అది. ఆ యాత్రలకు ఆద్యుడనదగిన రచయిత జెవాత్ షాకిర్ కూడా అక్కడికి సరదాకు పోలేదు. ఒక వ్యాసం రాసినందుకు 1925లో కోర్టు ఆయన్ను అక్కడికి పంపింది. అంటే 'ఎంచుకోవడం' అన్న మాట సెలవు పెట్టి వచ్చేవాడికే చెల్లుతుంది కాబోలు.

అమ్మాయి మనసును తప్పుపట్టను. కాని లెస్బోస్ జాలర్లు తమ పడవలేసుకుపోయి ఎందరినో ఒడ్డుకు చేర్చారు. మరుసటి యేడు యాత్రికులు రావడం బాగా తగ్గి, ఆ నష్టం ఆ దీవివాళ్లే భరించారు. ఏవగించుకుని మానినా, మనసొప్పక మానినా, పూటకూళ్లమ్మ ఖాతాలో పడేది అదే సున్నా. అలాగని 'మన డబ్బు వాళ్లకు చేరుతుంది గదా' అని సమర్థించుకుంటే, అది మా బ్యాంకువాళ్ల వాదం. ఖర్చు చూపించి పుణ్యం జమ వేసుకోవడం.

పైగా నిర్దోషి అయిన సముద్రం ఏది? అమ్మాయి కోరిన అయోనియన్‌లోనే 2023 జూన్ 14న, పీలోస్‌కు దూరంగా, వలసజనంతో కిక్కిరిసిన చేపల ఓడ మునిగి వందలమంది పోయారు. బతికినవారు 104 మంది. వారిలో దాదాపు 100 మందిని కలమాటా రేవుకు చేర్చింది ఏమిటనుకున్నారు? 'మయన్ క్వీన్' అనే విహార నౌక. కోటీశ్వరుల వినోదానికి కట్టిన ఓడ! ఈ ఒక్క సంగతి నా ఆలోచనను మళ్లించింది. ఏ నీళ్లు శుద్ధమైనవని కాదు, ఆ నీళ్లలో ఎవరైనా చెయ్యి చాపితే మన పడవ మళ్లుతుందా అని అడగాలి.

సిబ్బంది లేకుండా పడవ తీసుకుంటే, నాయకుడిగా సంతకం పెట్టినవాడే కెప్టెను. తన పడవకు పెద్ద ప్రమాదం లేనంతవరకు ఆపదలో ఉన్నవారిని కాపాడాలన్నది 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒడంబడిక, 98వ అధికరణం. వారం రోజుల సెలవుకూ మినహాయింపు లేదు.

మన ఒడిశా తెలుగువాళ్లకు ఇది చట్టం చెప్పాల్సిన సంగతి కాదు. పూరీలో స్నానానికి దిగే యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో నిలబడే 'నూలియా'లు తెలుగు జాలర్లే. ఆ యాత్రికుల్లో ఎందరు వాళ్ల గుడిసెల వైపు చూసి ఉంటారో నాకు అనుమానమే.

పడవ కంపెనీ పంపిన జాబితాలో కాఫీ యంత్రం, నీటి ఆటల సామాను ముందున్నాయి. చిట్టచివర వి.హెచ్.ఎఫ్. రేడియో. ఆపదలో ఉన్నవారు పిలిచేది దాని 16వ ఛానల్‌లోనే. మీలో ఎవరికి అది వాడటం వచ్చు అని మావాణ్ణి అడిగాను. ఇద్దరు నేర్చుకుంటున్నారట. ప్రాంతం సంగతి ఇంకా తేల్చుకోలేదు.