కారణాంకం కనిపించకుండానే

ఒక సంఖ్య విడిపోతుందని రుజువైంది. ఏయే సంఖ్యలుగా విడిపోతుందో ఎవరికీ తెలియదు. దీన్ని తెలియడం అనవచ్చా?

రెండు 67వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే 14,75,73,95,25,89,67,64,12,927 వస్తుంది. 21 అంకెలు. అది ప్రధాన సంఖ్య అని 1644లో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ రాశాడు. కాదని 1876లో గణితవేత్త ఎడ్వార్డ్ లూకా తేల్చాడు. కానీ దాన్ని భాగించే సంఖ్య ఒక్కటీ చూపలేదు.

ఎలా సాధ్యం? లూకా వాడిన పద్ధతిని మరో గణితవేత్త లేమర్ తర్వాత సులువు చేశాడు. ఉదాహరణకు, రెండు 11వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే 2047. 4తో మొదలుపెట్టి, వర్గం కట్టి, 2 తీసేసి, 2047తో భాగించి శేషం తీసుకోవాలి. ఇలా తొమ్మిదిసార్లు చేశాక సున్నా మిగిలితే ప్రధానం. మిగిలేది 1736. అంటే ప్రధానం కాదు. నిజానికి 2047 అంటే 23 ఇంటూ 89. కానీ 1736ను ఎంతసేపు చూసినా అందులో 23 జాడ కనపడదు.

పొగను బట్టి నిప్పును ఊహించవచ్చని న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు చెప్పారు. ఆ మాట ఇక్కడ చాలదు. పొగ కనిపించిన కొండ ఎక్కితే నిప్పు కళ్లబడుతుంది. ఈ శేషం ఏ కొండకూ దారి చూపదు.

1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశం జరిగింది. గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల దగ్గరికి వెళ్లాడు. గణితవేత్త ఎరిక్ టెంపుల్ బెల్ తర్వాత రాసిన ప్రకారం, కోల్ ఒక్క మాటా మాట్లాడలేదు. రెండును 67వ ఘాతం దాకా పెంచి ఒకటి తీసేశాడు. పక్కన 19,37,07,721ని 7,61,83,82,57,287తో గుణించాడు. రెండు ఫలితాలూ ఒకటే. సభ చప్పట్లు కొట్టింది. ఎంత కాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడని బెల్ రాశాడు.

ఆ శ్రమ చిన్నది కాదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 134తో భాగిస్తే 1 మిగలాలి. 135, 269, 403 అంటూ ఆ వరుసలో వెళ్తే కోల్ చూపిన చిన్న కారణాంకం 14,45,580వ స్థానంలో ఉంటుంది.

మరి ఆ ఆదివారాలు కొత్తగా ఏం తెలిపాయి? సంఖ్య విడిపోతుందన్నది అప్పటికి పాత సంగతి. కళ్లతో చూస్తేనే నిజం అనుకుంటే లూకాకు ఏమీ తెలియనట్టే. అది అన్యాయం, ఆయన రుజువులో లోటు లేదు. రుజువే చాలనుకుంటే కోల్ పని అనవసరం. అదీ మనసు ఒప్పదు.

తేడా బహుశా నిజంలో లేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది. లూకా తీర్పును ఒప్పుకోవాలంటే ఆ సిద్ధాంతం తెలియాలి. కోల్ గుణకారాన్ని పెన్సిలు పట్టిన బడిపిల్లవాడైనా సరిచూడగలడు.

అయినా సందేహం తీరదు. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్యనైనా ప్రధానమో కాదో నిశ్చయంగా, వేగంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. కారణాంకాలు తీయడానికి మామూలు కంప్యూటర్లకు అలాంటి దారి ఇంకా దొరకలేదు. తెలియడానికీ చూపించడానికీ మధ్య దూరం పెరిగింది.

రెండు ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే ఒక రకం సంఖ్యలను ఫెర్మా సంఖ్యలంటారు. 24వ ఫెర్మా సంఖ్యలో 50,50,446 అంకెలున్నాయి. అది ప్రధానం కాదని 1999లో తేలింది. దాని కారణాంకం ఒక్కటీ ఇంకా బయటపడలేదు.