విప్పాలా, వద్దా?

పదకొండు రోజులుగా మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక చిన్న అట్టపెట్టె కూచుని ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. బరువంటారా, ఏమీ లేదు. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా అది నా వంక చూస్తుంది. నేను చూడనట్టు పాలగిన్నె తీసుకుని వచ్చేస్తాను.

అందులో ఉన్నది లాప్‌టాప్‌లో పెట్టే ర్యామ్ ముక్క. ఎనిమిది జీబీ. హైదరాబాదు నుంచి మా అక్క కొడుకు పంపించాడు. నా లాప్‌టాప్‌కి వయసు మీద పడింది. పొద్దున్నే మీట నొక్కి, స్టవ్ మీద నీళ్ళు పెట్టి, డికాషన్ దింపుకుని, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. "కొత్తది కొనక్కర్లేదు పిన్నీ! వెనక మూత తీసి, ఈ ముక్క గుచ్చి, మూసెయ్యడమే. ఎవరూ అక్కర్లేదు, నువ్వే చేసుకోవచ్చు" అన్నాడు ఫోనులో.

నువ్వే చేసుకోవచ్చుట! ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏ గొడవా లేకపోయేది. నరసరావుపేటలో ఎవరో ఒకరి దుకాణంలో ఇచ్చి ఉండేదాన్ని. ఆ మాట అన్నాడు కనక ఇప్పుడు ఇవ్వాలన్నా మనసొప్పదు, విప్పాలన్నా చెయ్యి రాదు.

ర్యామ్ అంటే ఏమిటని నేనూ అడిగాను. వాడు ఏదో చెప్పాడు గానీ నాకు అర్థమైన తీరు ఇది: హార్డ్ డిస్కు మన వంటింటి అలమార. పప్పులూ ఉప్పులూ అన్నీ అందులోనే ఉంటాయి. ర్యామ్ పొయ్యి పక్కన గట్టు. వండేటప్పుడు కావలసినవి తీసి గట్టుమీద పెట్టుకుంటాం. గట్టు ఇరుకైతే మాటిమాటికీ డబ్బా లోపల పెట్టడం, మళ్ళీ తియ్యడం. వంట ఆలస్యం కాక ఏమవుతుంది? వంట అయ్యాక గట్టు తుడిచేస్తాం. ర్యామూ అంతే, కరెంటు ఆపితే ఖాళీ. కాబట్టి గట్టు వెడల్పు చేసినంత మాత్రాన అలమారలో పప్పు ఒలికిపోదు. ఈ సంగతి తెలిశాక భయం తగ్గాలి కదా? తగ్గలేదు. ఎందుకు తగ్గలేదన్నదే నా సమస్య.

మనకి భయపడే అలవాటు లేదు కదా, మీరే చెప్పండి. పద్నాలుగు కిలోల గ్యాసున్న సిలిండరుని దొర్లించుకుంటూ తెచ్చి, మూత పీకి, రెగ్యులేటరు తగిలించి, వాసన వస్తోందేమోనని ముక్కు పెట్టి చూసేది ఎవరు? చాలా ఇళ్ళలో మనమే. అది తేడా చేస్తే ఇల్లే లేచిపోతుంది. కుక్కరు గాస్కెట్టు మార్చేదీ మనమే. మా అమ్మ కుట్టుమిషను మొత్తం విప్పి, గుడ్డ పరిచి, నూనె వేసి, మళ్ళీ బిగించేది. బాబిన్ కేసు లోపల దారం చిక్కుకుంటే జడపిన్నుతో లాగేది. అదే అమ్మ, ఫ్యూజు పోతే మాత్రం నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేదాకా చీకట్లో కూచునేది! కుట్టుమిషను "ఇంటిపని", ఫ్యూజు "మగవాళ్ళ పని". యంత్రాలను అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య సూదీ దారంతో అవస్థ పడుతుంటే చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పుకున్నారు. నూనె వేసి నడిపించే బాధ్యత మళ్ళీ ఆ భార్యదేననుకోండి.

సరే, నా భయానికి ఒక కారణం ఉంది. దాచను. ఆ లాప్‌టాప్‌లో సగం రాసిన నవల ఉంది. కొన్నేళ్ళ కిందట ఇలాగే ఏదో పాడైతే ఒక దుకాణంలో ఇచ్చాను. ఊరూ పేరూ అనవసరం. మర్నాడు సాయంత్రానికి పెళ్ళికూతురిలా మెరిపించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే లోపల అంతా ఖాళీ. నలభై పేజీలు! "ఫార్మాట్ చేస్తేనే బాగవుతుంది మేడమ్, మీరు కాపీ తీసుకున్నారనుకున్నాం" అన్నారు. ఆ నలభై పేజీలూ మళ్ళీ రాశాను గానీ, మొదటిసారి రాసినవే బాగున్నాయని ఇప్పటికీ నా నమ్మకం. పోయిన పేజీలు ఎప్పుడూ బాగానే ఉంటాయి లెండి.

రెండేళ్ళు తిట్టుకున్నాను ఆ దుకాణాన్ని. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఇప్పుడు ఈ అట్టపెట్టె ముందు నిలబడితే ఒక సంగతి తోస్తోంది. కాపీ తీసుకోనిది నేను. వాళ్ళు అడగలేదు, నిజమే, నేనూ చెప్పలేదు. కానీ డబ్బిచ్చాను కదా! డబ్బిచ్చి మనం పని ఒక్కటే చేయించుకోం, పాడైతే తిట్టే హక్కు కూడా కొనుక్కుంటాం. రెండు మూడొందలకి రెండేళ్ళ పాటు ఒకరిని తిట్టుకునే సౌకర్యం దొరుకుతోందంటే చవకే కదా. నా చేత్తో నేను పాడుచేసుకుంటే ఎవరిని తిట్టను? పైగా మావారు "నీకెందుకు చెప్పు, దారిలో షాపులో పడేసేవాణ్ణిగా" అంటారు. ఆ మాట వినవలసి రావడం నలభై పేజీలు పోవడం కంటే తక్కువ నష్టమేమీ కాదు.

ఇలా నిజం ఒప్పుకున్నాక నవలని ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో చీరల మధ్య పెట్టాను. ఇంక నవలకి భయం లేదు. అయినా పెట్టె ఫ్రిజ్ మీదే ఉంది! అంటే భయం నవల కోసం కాదన్నమాట.

దుకాణానికి ఇవ్వడానికి ఇంకో జంకు కూడా ఉంది. 2022లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక పరిశోధన చేశారు. లాప్‌టాప్‌లని 16 దుకాణాలకి రిపేరుకిచ్చి, లోపల ఏం జరుగుతోందో రహస్యంగా నమోదయ్యేలా ఏర్పాటు చేశారు. ఆరుచోట్ల సొంత ఫైళ్ళు తెరిచి చూశారు. రెండుచోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ఆడవాళ్ళవి అనిపించే వాటిలోకి ఎక్కువగా తొంగిచూశారట! అది చదివాక, బీరువా తాళం ఇవ్వడానికి ఇంత ఆలోచించేవాళ్ళం లాప్‌టాప్ ఎలా ఇచ్చేస్తున్నామా అనిపించింది. కానీ అందరినీ ఆ గాటన కట్టడం కూడా అన్యాయమే. మా వీధి చివర దుకాణంలో అబ్బాయి ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. అద్దె కట్టుకోవాలి, ఇంట్లో తల్లి ఉంది. అందరం యూట్యూబు చూసి ఎవరి మూత వాళ్ళు తీసుకుంటే అతనికి గడిచేదెలా? నేను నేర్చుకోవడం నాకు గొప్పే. అతని నోటి దగ్గర కూడు తీసి గొప్పవ్వడం ఏం గొప్ప?

ఈ సందర్భంలో ఒక పాత పుస్తకం గుర్తొచ్చింది. బి.ఏ. చదివినందుకు ఇలాంటివి గుర్తురావడమే మిగిలింది మరి! అమెరికాలో రాబర్ట్ పిర్సిగ్ 1974లో 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' అని రాశాడు. కొడుకుని వెనక కూచోబెట్టుకుని మోటారుసైకిలు మీద దేశం తిరిగిన కథ. తన బండి తనే బాగుచేసుకుంటాడు. వెంట వచ్చిన స్నేహితుడు మాత్రం ఖరీదైన బండి కొన్నాడే గానీ దాని లోపల ఏముందో తెలుసుకోవడం కూడా ఇష్టపడడు. ఒకసారి అతని హ్యాండిల్ వదులవుతుంది. బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో పెడితే సరిపోతుందని ఈయన అంటాడు. నా అంత బండికి బీరు డబ్బా రేకా అని ఆ స్నేహితుడికి నామోషీ! చదివినప్పుడు నేను ఈయన పక్షమే. ఇప్పుడు చూస్తే ఆ స్నేహితుణ్ణి నేనే.

పోయిన సోమవారం మా అత్తగారిని తీసుకుని కోటప్పకొండ వెళ్ళాను. శివరాత్రి రద్దీలో ఆవిడ రాలేరని ముందే దర్శనం చేయించడానికి. ఘాట్ రోడ్డు మీద బస్సెక్కి వెళ్ళాం. కింద మెట్లదారి కనిపిస్తుంటే అత్తగారు "నీ వయసులో నేను రెండేసి మెట్లు ఎక్కేదాన్ని" అన్నారు. బస్సులో సీటు దొరికిన ఆనందంలో నేను ఆ మాట పట్టించుకోలేదు.

ఆ కొండకొస్తే నా మనసు ఎప్పుడూ త్రికోటేశ్వరస్వామి దగ్గర కంటే గొల్లభామ దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది. కథ మీకు తెలిసే ఉంటుంది. ఆనందవల్లి రోజూ పైకెక్కి స్వామికి పాలు పోసేది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, స్వామీ, నువ్వే కిందికి రా అని వేడుకుంది. వస్తాను, నువ్వు ముందు నడు, వెనక్కి మాత్రం చూడకు అన్నాడాయన. దిగుతుంటే వెనక కొండరాళ్ళు బద్దలవుతున్న చప్పుడు. బ్రహ్మశిఖరం దగ్గర తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడు. కథ చెప్పేవాళ్ళందరూ "అయ్యో, చూడకుండా ఉండాల్సింది" అంటారు. నెలలు నిండిన పిల్ల, వెనక రాళ్ళు పేలుతున్నాయి, చూడకుండా ఎవరుంటారండీ? చూసింది కాబట్టే కదా స్వామి కొండమీద ఉన్నాడు, మనం వెళ్తున్నాం. ఆమెకీ కొండమీద గుడి ఉంది. తప్పు చేసిందనుకుంటే గుడి కట్టేవాళ్ళా?

తిరుగు దారిలో బంధువుల ఊళ్ళో ఆగాం. అక్కడ ప్రభ కడుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎనభై, తొంభై అడుగుల ప్రభలు కట్టి శివరాత్రికి కొండ కిందికి తీసుకువెళ్ళడం ఈ పల్నాటి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. వెదురుగడలు నేలమీద పరిచి ఉన్నాయి. పదిమంది కుర్రాళ్ళూ, మధ్యలో ఒక పెద్దాయనా. పెద్దాయన మోకు ముడి వేసి, కాలితో తొక్కిపట్టి లాగి, విప్పి, మళ్ళీ కుర్రాడి చేత వేయిస్తున్నాడు. అంత ఎత్తున నిలబెట్టేదానికి ఇంజనీరు లేడు, కాగితం మీద బొమ్మ లేదు.

"ఇదంతా డబ్బిచ్చి ఎవరిచేతైనా కట్టించుకోవచ్చు కదా బాబాయ్?" అన్నాను.

"లైట్ల పని మాకు రాదమ్మాయ్. కరెంటోళ్ళని పిలుచుకుంటన్నాం, డబ్బులిత్తన్నాం. కట్టు మాత్రం ఊరిదే" అన్నాడు ముడి మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఒరిగితేనో?"

"ఒరిగితే ఎవుడు కట్టాడని ఎతుక్కోబళ్ళేదుగా! నాలుగు పక్కలా మోకు పట్టుకునుండేది మేమేనాయె."

కారులో కూచున్నాక కూడా ఆ మాట వదల్లేదు నన్ను. అన్నీ మేమే చేస్తామనడం లేదు ఆయన. రానిదాన్ని వచ్చినవాళ్ళకి వదిలాడు. వచ్చినదాన్ని వదల్లేదు. నేర్పుతున్నాడు కూడా. మరి నాకు రానిది ఏది? రాదని ఊరికే అనుకుంటున్నది ఏది? ఆ గీత ఎక్కడ గీయాలో చూసుకోకుండానే ఇన్నేళ్ళూ మొత్తం గీతకి అవతలే పెట్టేశానేమో.

గీత గీసుకునే అవకాశం కూడా అందరికీ లేదు. పల్చగా ఉండే లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేసి ఇస్తున్నారు. ఆపిల్ కంపెనీ 2012లో రెటీనా తెర ఉన్న మాక్‌బుక్ ప్రోలో అలాగే చేసింది. కొన్నాక పెంచుకునే దారే లేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో రిపేరు చేసుకునే హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. నా ముసలి లాప్‌టాప్ నయం, వెనక పదకొండు స్క్రూలు పెట్టుకుని "రా, విప్పు" అంటోంది. వారంటీ ఎప్పుడో తీరిపోయింది కనక ఆ చింతా లేదు.

మొన్న మధ్యాహ్నం మావారు లేని సమయం చూసి కూచున్నాను. అక్క కొడుకు ఫోనులో ఉన్నాడు. "నైలాన్ చీర కాదు కదా పిన్నీ? ఒంట్లో స్థిర విద్యుత్తు పుడితే ముక్క పాడవుతుంది. ముందు ఏదైనా ఇనప వస్తువు ముట్టుకో. గాజులు, ఉంగరం తీసెయ్" అన్నాడు. గాజులు అనేసరికి పక్కగదిలో నుంచి అత్తగారు "పండగ ముందు గాజులు తియ్యడమేమిటమ్మా!" అన్నారు. బంగారువి తీశాను, మట్టిగాజులు మోచేతిదాకా ఎగదోసుకున్నాను. ఇద్దరి మాటా దక్కింది.

స్క్రూలు ఒక్కొక్కటే తీసి, ఏది ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద వరసగా పెట్టాను. మూత ఊడొచ్చింది. లోపల చూద్దును కదా, ఇంతేనా అనిపించింది. ఫ్యాను రెక్కలకి దుమ్ము, పక్కన బ్యాటరీ. ముందు దాని తీగ ఊడదీయించాడు. ఒక గాడిలో పాత ముక్క ఉంది, రెండోది ఖాళీ. కొత్త ముక్కకి ఒకచోట చిన్న గంటు ఉంటుంది. గాడిలో దానికి సరిపడే మిట్ట ఉంటుంది. తిరగేసి దూర్చినా దూరదు. ఇంత ఆలోచించి చేశారే ఎవరో అని ముచ్చటేసింది. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాను. టక్‌మంది.

అన్నీ బిగించి మీట నొక్కితే తెర నల్లగా ఉంది. ఉంది. ఇంకా ఉంది. "నీకెందుకు చెప్పు" అన్న మాట చెవిలో వినిపించేసింది. మళ్ళీ విప్పాను. ముక్క ఒక పక్క సరిగ్గా దిగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను, ఈసారి రెండు పక్కలా టక్‌మంది. మీట నొక్కి ఊపిరి బిగబట్టి కూచున్నాను. వెలిగింది! అత్తగారికి చూపిస్తే "ముందూ ఇలాగే ఉండేదిగా" అన్నారు.

ఈ హడావుడిలో ఒక స్క్రూ మంచం కిందికి దొర్లిపోయింది. చీపురు పెట్టి వెదికినా దొరకలేదు. సాయంత్రం లాప్‌టాప్ తీసుకుని వీధి చివర అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. తిప్పి చూసి, "ఎవరు విప్పారు మేడమ్?" అన్నాడు.

"నేనే."

తలెత్తి నా వంక చూసి, డబ్బాలో వెదికి ఒక స్క్రూ తీసి బిగించాడు. డబ్బులివ్వబోతే "స్క్రూకి డబ్బులేంటి" అన్నాడు. నాకు సిగ్గేసింది. అతనికి రావలసినది నేను చేసేసుకుని, పైగా స్క్రూ కూడా ఉత్తినే.

"ఇంకా స్పీడు కావాలంటే హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసుకోవాలి. పాతదాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాలి, కాస్త పని ఉంటుంది" అని, ఒక్క క్షణం ఆగి అడిగాడు: "అది కూడా మీరే చేసుకుంటారా మేడమ్?"

"నువ్వే చెయ్యి. కానీ నేను పక్కన కూచుంటాను, పర్వాలేదా?" అన్నాను.

అతను కుర్చీ మీది పాత కీబోర్డులు తీసి కింద పెట్టాడు.