అరౌనా కళ్లము, నాబోతు ద్రాక్షతోట

ధ్యాన భాగములు: 2 సమూయేలు 24:18-25, 1 రాజులు 21:1-16





ఊరికి ఆసుపత్రి కావలెను. బడికి గదులు కావలెను. మండల కచేరికి భవనము కావలెను. ఇవి లేనందున మొదట బాధపడువారు బీదలే గనుక, ఇవి రావలెనని మనము ప్రార్థించుట న్యాయమే. అయితే ఏ భవనమునకైనను నేల కావలెను. ఆ నేల ఎవరిదో ఒకరిదై యుండును. ఫలాని సర్వే నంబరు ప్రజా ప్రయోజనము నిమిత్తము సేకరింపబడనున్నదని నోటీసు వచ్చిన దినమున ఆ యింట ఎవరికిని అన్నము సహించదు. అట్టి దినమున విశ్వాసి ఏమి చేయవలెను? నోటీసు తనకు రాక పొరుగువానికి వచ్చినప్పుడు సంఘము ఏమి చేయవలెను? ఈ మాసము ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో ఆలోచింతము.

రాజు ఒకని నేలను కోరిన సంగతులు పాత నిబంధనలో రెండున్నవి. వాటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదువుడి.

మొదటిది దావీదు సంగతి. దేశములో తెగులు వ్యాపించి జనులు చనిపోవుచుండగా, అరౌనా కళ్లములో బలిపీఠము కట్టుమని ప్రవక్తయైన గాదు చెప్పెను. అరౌనా యెబూసీయుడు. దావీదు జయించి పట్టుకొనిన పట్టణమునకు పూర్వము యజమానులైన జనములోనివాడు. రాజు వచ్చుట చూచి అతడు నేలమీద సాగిలపడి, కళ్లమే గాక ఎడ్లను, నూర్చు సామానును సహా ఊరకనే యిచ్చెదననెను. దావీదు దానిని పుచ్చుకొనలేదు. వెల యియ్యక తెచ్చిన దానిని దేవునికి అర్పింపనని చెప్పి, కళ్లమునకును ఎడ్లకును 50 తులముల వెండి తూచి యిచ్చెను. ఆ స్థలమునకు 600 తులముల బంగారము ఇచ్చెనని దినవృత్తాంతముల మొదటి గ్రంథము చెప్పుచున్నది. తరువాత సొలొమోను దేవాలయమును కట్టినది ఆ స్థలముననే. జనులు చచ్చుచున్న తొందరలో కూడ రాజు వెల మానలేదు. తలవంచిన బీదవాడు ఊరకనే యిచ్చెదనని పలికిన మాటను ఆసరాగా తీసికొనలేదు. బీదవాడు అధికారి యెదుట సరేనని పలుకుట అన్ని వేళల మనఃపూర్వకమైన సరే కాదని ఆ రాజునకు తెలిసియుండెను.

రెండవది అహాబు సంగతి. ఇతని తండ్రియైన ఒమ్రీ చెడ్డ రాజే. అయినను రాజధాని కట్టదలచినప్పుడు షెమెరునకు వెండి యిచ్చి షోమ్రోను కొండను కొనెను. కొండకు వెల యిచ్చిన తండ్రికి పుట్టిన కుమారుడు ఒక తోటకొరకు ప్రాణము తీసెను. అహాబు మొదట అడిగిన తీరులో తప్పు కనబడదు. దానికంటె మంచి తోటయైనను, రొక్కమైనను ఇచ్చెదననెను. నాబోతు తన పితరుల స్వాస్థ్యమును విడువననెను. తప్పు అచ్చటనుండి ప్రారంభమాయెను. కాదనిన మాటను రాజు సహింపలేకపోయెను. రాణి తాకీదులు వ్రాసి రాజముద్ర వేసి ఊరి పెద్దలకు పంపెను. పెద్దలు ఉపవాసదినము చాటించిరి, సభ కూర్చిరి, సాక్షులను పెట్టిరి, తీర్పు చెప్పిరి. చూచువారికి అన్నియు చట్ట ప్రకారమే జరిగినట్లుండెను. అంతయు దేనికి? నగరు ప్రక్కన కూరతోటకు!

ఈ రెంటిని పోల్చినయెడల మూడు ప్రశ్నలు మనకు దొరకును. ఈ నేల ఎవరి మేలు కొరకు? కాదనిన వాని మాట ఎవరైన వినిరా? వెల నిండుగా చెల్లెనా? భూమిని అడుగువారి యెదుట ఈ మూడు ప్రశ్నలు పెట్టుట రాజద్రోహము కాదు. నేడు మన దేశపు చట్టమును ఈ ప్రశ్నలనే అడుగుచున్నది.

ఆ చట్టము సంగతి కొంచెము తెలిసికొందము. తెల్లదొరల కాలమున 1894లో చేసిన భూసేకరణ చట్టము నూరేండ్లకు పైగా నడిచెను. బలవంతముగా తీసికొనుచున్నందుకు మార్కెట్టు విలువపై నూటికి 15 వంతులు అదనముగా నిచ్చుట అందులోని నియమము. 1984లో అది 30 ఆయెను. 2013లో చేయబడి 2014 జనవరి 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టము ఆ అదనమును నూటికి 100 చేసెను. పల్లెటూళ్లలో మార్కెట్టు విలువను 1 నుండి 2 రెట్ల వరకు హెచ్చించి లెక్క కట్టవలెననియు, సొమ్ము చెల్లించిన పిమ్మటనే స్వాధీనము చేసికొనవలెననియు చెప్పెను. ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో ఆ భూమియందు హక్కుగలవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా అభ్యంతరము చెప్పుకొనవచ్చును. అతని మాట వినవలెను. తీసికొనిన భూమిని 5 సంవత్సరములు వాడక విడిచిన యెడల, అది మునుపటి యజమానికో వారసులకో, లేక ప్రభుత్వ భూనిధికో తిరిగి చేరవలెనని కూడ ఆ చట్టములో నున్నది. తరువాత మన రెండు తెలుగు రాష్ట్రములును సవరణలు చేసికొని, కొన్ని పనులకు సామాజిక ప్రభావ విచారణ లేకుండను, ఒప్పందముమీదను భూమి తీసికొను మార్గము నేర్పరచుకొనినవి. కావున ఒప్పంద పత్రము చదివించుకొనక వేలిముద్ర వేయకుడి. ఇచ్చిన సొమ్ము చాలదని తోచినయెడల, అభ్యంతరముతో పుచ్చుకొనుచున్నానని వ్రాసి పుచ్చుకొనుడి. అట్లు వ్రాయక పుచ్చుకొనినవాడు హెచ్చు పరిహారము కొరకు అర్జీ పెట్టు హక్కును పోగొట్టుకొనును. అవార్డు ప్రకటించు సమయమున హాజరై యుండినవానికి ఆ అర్జీ గడువు 6 వారములే.

మన సంఘములలో అనేకులకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు పట్టాలే గలవు. సర్కారు ఇచ్చినది సర్కారు తీసికొనిన మనకు దిక్కేమని వారందురు. అట్టి భూమిని ప్రజా ప్రయోజనమునకు తిరిగి తీసికొనునప్పుడు పట్టాదారునితో సమానముగా పరిహారమియ్యవలెనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనము 2004లో తీర్పు చెప్పెను. ఇది మన కాపులకును కూలీలకును తెలియవలసిన మాట. సెంటు నేల లేని వారికిని ఒక మాట యున్నది. ఆ భూమిపై మూడేండ్లుగా కౌలు చేసికొనియో, కూలి చేసికొనియో బ్రదుకుచున్న కుటుంబమును బాధిత కుటుంబమేనని 2013 చట్టము ఒప్పుకొనుచున్నది. పొలము పోయిన రైతుకు చెక్కు వచ్చును. ఆ పొలములో నాట్లు వేసిన స్త్రీకి ఏమి వచ్చునని అడుగువారు సంఘములో నుండవలెను.

అమరావతి సంగతి మీరెరుగుదురు. అచ్చట జరిగినది సేకరణకంటె ముఖ్యముగా సమీకరణ. రాజధాని భవనముల కొరకు రైతులు 30 వేల ఎకరములకు పైగా అప్పగించిరి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగెను. భూమి లేని కుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పాటు చేయబడెను. 2019 తరువాత పనులు నిలిచిపోయి, 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట మరల సాగినవి. ఏ పక్షము మంచిదో చెప్పుట ఈ పత్రిక పని కాదు. నేల నిచ్చినవాడు ఏండ్ల తరబడి ఎదురు చూచెనన్నది మాత్రము మరువరాదు. భూమి తీసికొనుట ఒక దినపు పని. మాట నిలుపుకొనుట అనేక సంవత్సరముల పని. ఏడేండ్లు పరదేశమందుండి తిరిగి వచ్చిన షూనేమీయురాలు తన యింటిని పొలమును గూర్చి మొరపెట్టగా, రాజు ఒక అధికారిని నియమించి, పొలముతోపాటు ఆ కాలపు పంటను సహా ఆమెకు ఇప్పించెనని రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయమందున్నది. అడుగుట ఆమె విశ్వాసమునకు భంగము కాలేదు.

ఇక మన వైపు చూచుకొందము. మన పేటలలోను కాలనీలలోను అనేకములు, ప్రభుత్వము ఒకరి పొలమును సేకరించి ఇండ్ల స్థలములుగా పంచిన నేలమీదనే యున్నవి. మన బిడ్డలు చదివిన బడులకును ఎవరో నేల విడిచిరి. కావున భూసేకరణ అంతయు దుర్మార్గమని మనము పలుకలేము. దానివలన తలదాచుకొనినవారము మనమే. అట్లని, మనకు మేలు కలుగుచున్నదిగదా యని పొరుగువాని కన్నీటిని చూడక యుండలేము. ఆసుపత్రి మన వీధికి దగ్గరగా వచ్చుచున్నదని సంతోషించి, దానికొరకు ఎకరము పోయిన విధవరాలి యింటికి వెళ్లనివాడు సగము సువార్తనే చదివినవాడు.

యెజ్రెయేలులో నాబోతును చంపినవారెవరు? రాణి ఊరికి రాలేదు. రాజు తన మంచముపై ముఖము త్రిప్పుకొని పండుకొనియుండెను. చేసినవారు నాబోతు ఊరివారే, అతనితో కాపురమున్న పెద్దలే. ఆ పెద్దలలో ఒక్కడు కాదనినను ఆ ఉత్తరము ఉత్తరముగానే మిగిలియుండును గదా! ఇది చదువుచున్న సంఘ పెద్దలారా, పంచాయితీ సభ్యులారా, గ్రామసభలో మీ చేతులెత్తకముందు ఈ సంగతి తలంచుడి. పలుకుబడి గలవాని వంద ఎకరములను తప్పించి, అడ్డుచెప్పలేని వాని అరెకరముపై గీత గీయబడినప్పుడు, అది ఎందుకని అడుగుటకు ఊరిలో ఒకడు లేచి నిలువవలెను. ఆ ఒకడు క్రీస్తువాడై యుండవలెను.

పరిహారపు సొమ్ము ఇంటికి వచ్చిన తరువాత మరియొక శోధన వచ్చును. అన్నదమ్ములు కొట్లాడుదురు. అక్కచెల్లెండ్ర వాటాను మరతురు. సెలోపెహాదు కుమార్తెలు మోషేయెదుట నిలిచి తమ తండ్రి స్వాస్థ్యము నడిగినప్పుడు, వారు అడిగినది న్యాయమేయని దేవుడే చెప్పెను. మరికొందరు తరతరములు అన్నము పెట్టిన నేల సొమ్మును మూడు సంవత్సరములలో మద్యమునకును ఆడంబరపు పెండ్లికిని వెచ్చింతురు. నేలకు మారుగా వచ్చిన సొమ్ము నేలతో సమానము. సాధ్యమైనవారు దానితో మరల నేలనే కొనుడి. కొనలేనివారు భార్య పేరును చేర్చి నిధిలో వేయుడి, బిడ్డల చదువునకు ఉంచుడి.

మందిరపు నేలకే నోటీసు వచ్చినయెడల ఏమి? అప్పుడును ఈ మూడు ప్రశ్నలే. కాగితములు చూపుడి, అభ్యంతరము వ్రాయుడి, న్యాయమైన వెల అడుగుడి. ఊరి రోగులకొరకు ఆ నేల నిజముగా కావలసియున్నయెడల, మనస్ఫూర్తిగా విడువుడి. ఇటుకలు పోయినందున సంఘము పోదు. అయితే మందిరము కొరకు అర్జీ వ్రాసిన చేతులు విధవరాలి అరెకరము కొరకును వ్రాయవలెను.

భూమి యెహోవాది, మనము ఆయన యొద్ద అతిథులము. అబ్రాహాము ఆ సంగతి ఎరిగినవాడు. అయినను శారాను పాతిపెట్టుటకు స్థలము కావలసినప్పుడు 400 తులముల వెండిని జనులందరి యెదుట తూచి యిచ్చెను. పరదేశినని తెలిసినవాడే వెల విషయమున అంత ఖండితముగా నుండెను. ఆ విశ్వాసపు కుమారులమైన మనము, ఇచ్చునప్పుడు ఉదారముగాను, పుచ్చుకొనునప్పుడు న్యాయముగాను, పొరుగువాడు మూగవాడైన చోట అతనికి నోరుగాను ఉందుము గాక. ఈ మాసము మీ ఊరిలో ఎవరికి నోటీసు వచ్చియున్నదో విచారించి, ఆదివారపు ఆరాధన ముగిసిన వెంటనే ఆ యింటికి వెళ్లుడి. ప్రార్థన చేయుడి, కాగితములు చదివి వినిపించుడి.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.