ఇంటి దీపం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. పోయిన కరెంటు చాలా వాడలకు రోజుల తరబడి రాలేదు. మోటారు ఆడక, ట్యాంకులో నీళ్లు లేక అల్లాడే వేళ చిన్న జనరేటరు ఇంటికొస్తే ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది.

కానీ దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును అది ఆక్రమిస్తుంది. ముందు తలనొప్పి, వికారం, మగత. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరికా అందదు.

అందుకే వాన పడుతోందనో, దొంగల భయమనో జనరేటరును వరండాలోకి, మెట్ల కిందికి తేవద్దు. కిటికీలు తెరిచినా చాలదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, తడవని చోట పెట్టండి. పెట్రోలు పోసేముందు ఆపి, చల్లారనివ్వండి.

ఇంకొక్క మాట. జనరేటరు వైరును గోడ ప్లగ్గులో గుచ్చకండి. ఆ కరెంటు వెనక్కి పారి, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర 11,000 వోల్టులై, స్తంభమెక్కిన లైన్‌మన్‌ను బలిగొనగలదు. అలా పారకుండా ఎలక్ట్రీషియన్ చేత చేంజోవర్ స్విచ్ పెట్టించండి.

మన ఇంట్లో వెలిగే దీపం ఇంకో ఇంటి దీపాన్ని ఆర్పకూడదు.