తాళపుచెవి ఎవరి చేత?

పిల్లల చేతిలోని సెల్‌ఫోనును తల్లిదండ్రులు వారికి తెలియకుండ తెరచి చూచుట న్యాయమేనా? "మన బిడ్డ, మనము కొనియిచ్చిన ఫోను, చూచిన తప్పేమి?" అని కొందరందురు. "నమ్మి ఇచ్చిన పిమ్మట తనిఖీ యేల?" అని మరికొందరందురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు.

వర్తక కుటుంబములకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గల్లాపెట్టె తాళపుచెవిని పదేండ్ల బాలునికి ఎవరును ఇయ్యరు. మొదట ప్రక్కన కూర్చుండబెట్టుకొందురు. తరువాత చిల్లర అప్పగింతురు. లెక్క కుదిరినకొలది బాధ్యత పెంచుదురు. రాత్రి చిట్టా చూచుట అంగడి మర్యాద; దానిని కుమారుని యెదుటనే చూతురు. ఫోను విషయమునను ఇదియే ధర్మము. ఎంతసేపు వాడవలెనో, ఎవరితో మాటలాడవచ్చునో, పెద్దలు ఎప్పుడు చూతురో ముందుగా చెప్పి చూచుట కాపుదల. చెప్పక చూచుట వేగు. అది బయటపడిన నాటినుండి బిడ్డ దాచుట నేర్చుకొనును.

ఆ దాపరికమే మోసగానికి పెట్టుబడి. వాడు ఫోను ఆటలో తోటి బాలుడనని పరిచయమగును, మెచ్చుకొనును, ఒక ఫోటో అడుగును. అది చేజిక్కినంతనే "మీ నాన్నకు పంపెదను" అని బెదరించి డబ్బో, మరికొన్ని ఫోటోలో కోరును. నాన్నకు ముందే తెలిసినచో ఆ బెదిరింపు చెల్లని నాణెమగును. అసభ్య చిత్రములతో పిల్లలను బెదరించుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. అట్టి వేళ డబ్బు పంపరాదు. వచ్చిన సందేశములను చెరిపివేయరాదు. పిల్లల సహాయమునకు 1098, డబ్బు పోయినచో 1930 నంబరు కలవు. కాని అంతకు ముందు బిడ్డ ఇంట నోరు విప్పవలెను గదా!

కావున పిల్లలకు నియమములు పెట్టుటకు ముందు పెద్దలు ఒక నియమము పట్టవలెను: "ఏ పొరపాటు చేసినను మాకు చెప్పుము. చెప్పినందుకు నిన్ను దండింపము." ఫోను లాగుకొందురను భయముచే నోరు మెదపని బిడ్డ, అపాయములో ఒంటరియై మిగులును. తప్పును దిద్దవచ్చును, సత్యమును దండింపరాదు. మరియు భోజనము వద్ద తాను సందేశములు చూచుచు తండ్రి చెప్పెడి సంయమము ఏ బిడ్డ చెవికిని ఎక్కదు.

తాళపుచెవి ఒకనాడు వారి చేతికి రాక తప్పదు. ఆనాడు వారిని కాచునది వారి వివేకమే. దానిని నేడే, మన కన్నుల యెదుట, కొంచెము కొంచెముగా అలవరుపవలెను.