బలము ఎవరి కొరకు?



మన తండ్రులు తలమీద మోసిరి. మన పిల్లలు బల్లయొద్ద కూర్చుండి పని చేయుచున్నారు. భద్రాచలము, పాల్వంచ, కొత్తగూడెము ప్రాంతములలో ఒక తరము తునికాకు కోసి, కట్టెలు మోసి, బొగ్గు తవ్వి బిడ్డలను చదివించెను. ఆ బిడ్డలలో అనేకులు నేడు ఉపాధ్యాయులు, గుమాస్తాలు, పంచాయతి కార్యదర్శులు, కంప్యూటరు ముందు లెక్కలు చూచువారు. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే వారిలో కొందరితో డాక్టరుగారు, “మందులు చాలవు, బరువులెత్తు కసరత్తు కూడ చేయండి” అనుచున్నారు. ఇది విన్న పెద్దలు, “బస్తాలు మోయకుండునట్లు నిన్ను చదివించితిమి గదరా, ఇప్పుడు డబ్బిచ్చి ఇనుము మోయుదువా?” అని అడుగుదురు. నవ్వి విడువదగిన ప్రశ్న కాదు ఇది.

మొదట శరీరధర్మమును చూతము. 1953లో జెర్రీ మోరిస్ అను వైద్యుడు తన తోటివారితో కలిసి లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని గూర్చి ఒక సంగతి ప్రచురించెను. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చును. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా కనబడెను. డ్రైవర్లు పనిలో చేరునప్పటికే నడుము లావైనవారని తరువాత తెలిసెను గనుక, ఆ ఒక్క లెక్కతోనే అంతయు తేలలేదు. అయినను తరువాత జరిగిన అనేక పరిశోధనలు కదలిక లేని బ్రదుకు గుండెకు చేటని చూపినవి.

వాడని కండ కరుగును. మనము తిన్న అన్నము రక్తములో చక్కెర కాగా, దానిలో పెద్ద పాలు తీసికొనునది కండయే. కండ తగ్గినచో మధుమేహమునకు దారి సులువగును. మన దేశములో 10 కోట్లమందికి పైగా మధుమేహము కలదని 2023లో ప్రచురింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి లెక్క తెలిపినది. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, పెద్దవారు వారమునకు 150 నుండి 300 నిమిషములు చురుకైన నడకవంటి శ్రమ చేయవలెననియు, అదిగాక కనీసము రెండు దినములు కండరములను బలపరచు కసరత్తు చేయవలెననియు చెప్పినది. వయస్సు మీరినదని ఎవరును నిరాశపడనక్కరలేదు. 1990లో అమెరికాలోని బోస్టనులో తొంబది యేండ్ల వృద్ధులు పదిమంది కాళ్లతో బరువెత్తు అభ్యాసము మొదలుపెట్టిరి. ఎనిమిది వారములు ముగించిన తొమ్మిదిమందికి కాళ్ల బలము సగటున 174 శాతము పెరిగెను.

ఈ సాధన మనకు పరాయిది కాదు. దండీలు, బస్కీలు, సంగిడి రాళ్లు మన పల్లెలు ఎరిగినవే. వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు బలాఢ్యుడని దేశమంతట పేరు పొందెను. బలము పురుషుల సొత్తే అనువారు కరణం మల్లీశ్వరిని జ్ఞాపకము చేసికొనవలెను. శ్రీకాకుళము జిల్లా బిడ్డయైన ఆమె 2000లో సిడ్నీ ఒలింపిక్సులో రెండు ఎత్తులలో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆమెయే.

ఇక పెద్దల ప్రశ్నకు వత్తము. తండ్రి మోసిన బస్తాయు కుమారుడెత్తు ఇనుమును ఒకటి కావు. తండ్రి బరువును మరియొకడు నిర్ణయించెను. నడుము నొచ్చినను దించుటకు వీలులేదు. కుమారుడు తన శక్తికొలది ఎత్తును, దించును, విశ్రమించును, కడుపునిండ తినును. కీడు బరువులో లేదు. మనుష్యుని విరుగగొట్టి వాని కూలిని తగ్గించిన అన్యాయములో ఉన్నది. కనుక దినమంతయు ఎండలో తునికాకు కోసిన తల్లికి, “నీవును కసరత్తు చేయుము” అని ఎవరును బోధింపకుడి. ఆమెకు కావలసినది విశ్రాంతియు, మంచి ఆహారమును, న్యాయమైన కూలియు.

శరీర సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసెను. కొందరు దీనిని పట్టుకొని దేహమును అలక్ష్యము చేయుదురు. కొంచెమనెనే గాని బొత్తిగా లేదనలేదు. మరికొందరు దేహమునే దేవతగా చేసికొని అద్దమును విడువరు. సమ్సోనుకు బలము తన ప్రజలను విడిపించుటకు ఇయ్యబడెను. దానిని తన ఇచ్ఛలకు వాడుకొని అతడు చెడెను.

మంచి సమరయుని చూడుడి. అతని హృదయములో జాలి పుట్టెను; అయితే దెబ్బలు తిన్నవానిని నేలనుండి లేపి వాహనముమీద కూర్చుండబెట్టినవి అతని చేతులు. చేతులలో సత్తువ లేకయుండినచో ఆ జాలి దారిపక్కనే నిలిచిపోయెడిది. మన ఏజెన్సీలో దారిలేని గుంపులనుండి రోగిని, నిండు గర్భిణిని డోలీ కట్టి మోసికొనివచ్చుట నేటికిని కలదు. ఆ దినమున ఎవరి భుజము సిద్ధముగా నుండును? బరువు ముందుగా కబురు చేసి రాదు. అది రాకమునుపే భుజము సిద్ధపడవలెను. ఒకరి భారము నొకరు మోయవలెనన్న ఆజ్ఞ మనస్సుకే కాదు, భుజమునకును చెందును.

ఇందుకు గొప్ప ఖర్చు అక్కరలేదు. చేతులు ఆనించక కుర్చీనుండి పదిసార్లు లేచి కూర్చుండుడి. గోడకు చేతులాన్చి దండీలు తీయుడి. రెండు బిందెల నీళ్లు చెరియొక చేత పట్టుకొని నడువుడి. మెల్లగా మొదలుపెట్టి, వారమువారము కొంచెము పెంచుడి, నడుమ దినములలో విశ్రమించుడి. గుండెజబ్బు, రక్తపోటు గలవారు మొదట డాక్టరును అడుగుడి. ఆ నీళ్లు పొరుగున ఒంటరిగా నున్న ముసలమ్మ ఇంటికి మోసినయెడల మరియు మంచిది. ఇద్దరికిని మేలు కలుగును.

యౌవనులారా, ఉదయమున ఇనుమెత్తి, సాయంకాలమున తల్లి మోయు కట్టెలమోపు చూచి ప్రక్కకు తప్పుకొనువాని బలము దేనికి? మన చేతులలోని సత్తువ ఇంటివారికిని పొరుగువారికిని అక్కరకు వచ్చునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక.